తల్లికి వచ్చింది తల్లితో పోదు

"తల్లికొచ్చిన జ్వరం తల్లితోనే పోతుంది, కడుపులో బిడ్డ చల్లగా ఉంటాడు." పల్నాట ఏ ఊళ్ళోనైనా ఈ మాట వినిపిస్తుంది. దాని వెనకే రెండో మాట: "నీళ్ళాడేదాకా సూదులూ గీదులూ వద్దమ్మా." చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పదిమందికి పురుళ్ళు పోసిన అత్తగార్లు, కని పెంచిన అమ్మలు, ఒక్కోచోట ఊరి ఆర్ఎంపీ. ప్రేమతో చెబుతారు కాబట్టే ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. నాకు మాత్రం చెప్పక తప్పడం లేదు. ఈ రెండు మాటలూ తప్పు. రెండూ కలిస్తే పసిబిడ్డకు ప్రమాదం.

ఇదే పల్నాటి కోటప్పకొండ కథ చెప్పమంటే ఎవరైనా ముందు ఆనందవల్లి పేరే ఎత్తుతారు. గర్భంతో ఉండి కూడా కొండెక్కి స్వామిని కొలిచిన గొల్లభామ ఆమె. గర్భిణి భక్తిని ఇంతగా తలకెత్తుకున్న ఆ కొండకు శివరాత్రి తిరునాళ్ళనాడు లక్షల మంది వస్తారు. ప్రభల చుట్టూ భుజాలు రాసుకుంటూ తిరిగే ఆ జనంలో నెల తప్పినవాళ్ళుంటారు, తప్పిన సంగతి ఇంకా తెలియనివాళ్ళూ ఉంటారు. చలి వెనకబట్టి ఎండ మొదలయ్యే ఆ రోజులే తట్టు, ఆటలమ్మ రేగే రోజులు. గర్భిణులు కొండకు రావద్దని నేననడం లేదు. గాలిలో వచ్చే రోగం ఇంటి అరుగు మీదా తగులుతుంది, బస్సులోనూ తగులుతుంది. దాన్ని తట్టుకునే రక్షణ ఆమె ఒంట్లో ఉందా అని ముందుగా అడిగే మనిషి ఇంట్లో ఉండాలంటున్నాను.

రూబెల్లా సంగతే చూడండి. పెద్దవాళ్ళకు అదొక రోగమనే అనిపించదు. ఒళ్ళు కాస్త వెచ్చబడి, ముఖం మీద మొదలైన సన్నటి ఎర్ర దద్దు ఒంటికి దిగి, చెవుల వెనక బిళ్ళలు కట్టి, మూడు రోజుల్లో మాయమవుతుంది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి మరిచిపోతారు. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు, పుట్టుకతోనే శుక్లాలున్న పిల్లలు అంతమంది ఒక్కసారిగా ఎందుకొస్తున్నారని తల్లులను ఆరా తీశాడు. 78 మంది పిల్లల్లో 68 మంది తల్లులు కడుపుతో ఉండగా రూబెల్లా వచ్చి తగ్గినవాళ్ళే. తొలివారాల్లో సోకితే 100 మందిలో 90 మంది దాకా బిడ్డలకు దెబ్బ తగలొచ్చు. కన్నూ చెవీ గుండే రూపుదిద్దుకునే రోజులవి. అంతటితో అయిపోదు. పెద్దవాళ్ళ ఒళ్ళు కొద్ది వారాల్లో తరిమేసే ఆ వైరస్‌ను పుట్టిన బిడ్డ ఒక్కోసారి ఏడాది దాకా గొంతులోంచీ మూత్రంలోంచీ వదులుతూనే ఉంటాడు. తనదేదో పరాయిదేదో బిడ్డ ఒళ్ళు ఇంకా నేర్చుకుంటున్న రోజుల్లోనే వైరస్ ఇంటి మనిషిలా లోపల చేరిపోయింది.

హెపటైటిస్ బి ఇంకా మోసకారి. చాలాసార్లు తల్లికి కామెర్లు కనపడవు, తనలో వైరస్ ఉందని ఆమెకే తెలియదు. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. పుట్టేవేళ తల్లి నుంచి సోకిన పసివాళ్ళలో నూటికి తొంభై మందికి అది బతుకంతా ఉండిపోతుంది, కొందరిలో పెద్దయ్యాక కాలేయాన్ని తినేస్తుంది. పుట్టిన 24 గంటల్లోగా తొడకు వేసే ఒక్క సూది దీన్ని చాలావరకు అడ్డుకుంటుంది. ఈ టీకాను మన దేశంలోనే తయారు చేసి, 1997లో సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, దాని వెనక ఉన్న మనిషి నెల్లూరు జిల్లా వరప్రసాద్ రెడ్డి. తెలుగువాడు చేసి ఇచ్చిన టీకాను తెలుగింట్లోనే "పసిగుడ్డుకి అప్పుడే సూదేంటి" అని వాయిదా వేయిస్తుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

తల్లికి రోగం తగిలితే కడుపులో బిడ్డ గట్టిపడతాడని వాదించేవాళ్ళూ ఉన్నారు. గర్భంతో ఉన్న ఎలుకలకు ఒక పేగు బ్యాక్టీరియా సోకేలా చేసి చూసిన పరిశోధన 2021లో సైన్స్ పత్రికలో వచ్చింది. వాటి పిల్లలు పేగు రోగాన్ని మెరుగ్గా తట్టుకున్న మాట నిజం. అదే పిల్లలకు పేగు వాపు జబ్బు ఎక్కువగా ముదిరిన మాటా నిజమే. తల్లి ఒంట్లో రేగిన మంట తాలూకు రసాయనాలు చాలు, రోగక్రిమి మాయ దాటకపోయినా బిడ్డ రోగనిరోధక వ్యవస్థ తీరు మారిపోవచ్చు.

బిడ్డకు నిజంగా రక్ష తల్లి రక్తంలోని యాంటీబాడీలే. అవి చివరి మూడు నెలల్లో మాయ ద్వారా ఎక్కువగా దిగుతాయి. కాన్పుకు అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు ఎప్పుడైనా తల్లికి ఆటలమ్మ పోస్తే పసిబిడ్డకు ప్రాణం మీదికి రావడానికి కారణం అదే: యాంటీబాడీలు తయారై దిగేంత వ్యవధి లేదు. వ్యవధి ముందే ఇవ్వడమే టీకా పని. బంగ్లాదేశ్‌లో గర్భిణులకు ఫ్లూ టీకా వేసి చూస్తే, ఆరు నెలల్లోపు బిడ్డల్లో ఫ్లూ 63 శాతం తగ్గిందని 2008లో తేలింది. ఆ వయసు బిడ్డకు నేరుగా వేయడానికి ఫ్లూ టీకా లేనే లేదు, తల్లి ద్వారా అందాల్సిందే. సూదులు వద్దనే భయం ఊరి అరుగులకే పరిమితం కాలేదు. కోవిడ్ టీకా 2021 జనవరిలో మొదలైతే గర్భిణులకు అనుమతి జులై 2న వచ్చింది. ఈలోగా రెండో అల వచ్చి వెళ్ళింది.

"మా కాలంలో ఏ టీకాలేశారు, మేం కనలేదా?" అంటారు. కన్నారు. పుట్టుచెవిటి, పుట్టుగుడ్డి, ఒళ్ళు నీలమై నెల తిరక్కుండా పోయిన బిడ్డ, వీళ్ళందర్నీ గ్రహణం ఖాతాలోనో కర్మ ఖాతాలోనో వేశారు. గ్రహణం రోజున గర్భిణిని మంచం మీంచి కదలనివ్వని ఇల్లు, ఆమెకు రూబెల్లా టీకా పడిందో లేదో పెళ్ళికి ముందు ఒక్కసారీ అడగదు.

అడగాల్సింది పెళ్ళికి ముందే. రూబెల్లా టీకా కడుపుతో ఉన్నప్పుడు వేయరు, వేశాక గర్భం కోసం కనీసం నెల రోజులు ఆగాలి. ఆ టీకా విషయంలో అత్తగార్ల మాట నిజమే. కానీ 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లో తట్టు, రూబెల్లా టీకా కార్యక్రమం జరిగినప్పుడు తీసుకున్నది 15 ఏళ్ళ లోపు వాళ్ళను. ఆ వయసు దాటినవాళ్ళు ఇప్పుడు తల్లులవుతున్నారు. పెద్దవాళ్ళకు ఈ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు. చేర్చాలి. ఈలోగా కోటప్పకొండ తిరునాళ్ళ వైద్య శిబిరంలో, బీపీ చూసే బల్ల పక్కన ఇంకో బల్ల వేసి, పెళ్ళీడు ఆడపిల్లల టీకా వివరాలు అడిగి రాసుకుని, పడనివాళ్ళను వాళ్ళ పీహెచ్‌సీకి పంపడానికి ఏ జీవో కోసమూ ఆగక్కర్లేదు. ఒక ఏఎన్ఎం, ఒక నోట్‌బుక్కు చాలు.