బందీల చరిత్ర సేకరణ: లాలాగూడ ప్రణాళిక

1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలో దిగేనాటికి కోటబారు విమానాశ్రయం కాపలా నిజాం పంపిన హైదరాబాద్ పదాతి దళానిది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజులకు ఫారర్ పార్కులో 40 వేలకు పైగా భారతీయ సిపాయిలను బ్రిటిష్ అధికారులు జపాన్‌వాళ్లకు అప్పగించారు. లొంగుబాటు నిర్ణయం పైవాళ్లది, చెర మాత్రం సిపాయిది. చిక్కడం పిరికితనం కాదన్నది లాలాగూడ, తార్నాక, ఉస్మానియా క్యాంపస్ చుట్టుపక్కలవారు కలిసి నడిపే సేకరణ బృందం మొదటి సూత్రం.

ఆ మైదానంలోనే మోహన్ సింగ్ సిపాయిలను ఆజాద్ హింద్ ఫౌజ్‌లోకి పిలిచాడు. చాలామంది వెళ్లారు. వెళ్లనివాళ్లలో వేలమందిని న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు కూలిపనికి తరలించారు. తిండి లేక, జ్వరాలతో, దెబ్బలతో ఎందరో అక్కడే పోయారు. మిగిలినవాళ్లను 1945లో ఆస్ట్రేలియా సేనలు విడిపించాయి. అటు ఉత్తరాఫ్రికాలో చిక్కిన భారతీయ సిపాయిలను జర్మనీలో నేతాజీ దళంలోకి పిలిచినవారిలో హైదరాబాదీ ఆబిద్ హసన్ ఒకరు. ‘జై హింద్’ ఆయన చలవేనంటారు. ఊరు ఆయన్ని తలచుకోవడం న్యాయమే; చేరనన్నవాడి ఊసే ఎవరూ ఎత్తరు. కంచె లోపలి ఆకలిని బయట కూర్చుని తూచడం తేలిక. బృందం ఇద్దరి కాగితాలనూ ఒకే బీరువాలో ఉంచుతుంది, ఎవరు దేశభక్తుడో తేల్చే పని పెట్టుకోదు.

1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం ఖైదీ చెప్పి తీరాల్సింది పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య. శిబిరం చేరిన వారంలోగా ఇంటికి ఒక కార్డు రాసుకోవచ్చు: పట్టుబడ్డాను, ఒంట్లో ఇలా ఉంది, చిరునామా ఇది. పోస్టుకార్డంత ఆ ముక్క రాకపోతే ఇంట్లో ఆమె బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో కూడా తేలదు. అందుకే కార్డులు, పే బుక్కులు, టెలిగ్రాములు కుటుంబం సొత్తు. నకలు తీసి అసలు తిరిగి ఇచ్చేయాలి. పేరు బయటపెట్టడం ఇంటివాళ్ల ఇష్టం.

ఎదుటి పక్షం ఖైదీలకూ ఇదే కొలత. పోరు ఆగగానే జాగు లేకుండా వదలాలని ఒప్పందం అంటుంది. 1971 డిసెంబరులో భారత్ చేతికి వచ్చిన సుమారు 93 వేల మంది పాకిస్తానీల తరలింపు మాత్రం 1974 ఏప్రిల్ దాకా సాగింది. వీరిలో పౌరులూ ఉన్నారు. ఈ జాగునూ దాచకుండా రాయాలి.

కార్గిల్ పోరులో 1999 మే 27న పట్టుబడిన పైలట్ కంభంపాటి నచికేత జూన్ 3న విడుదలయ్యారు. ఒక పాకిస్తానీ వైమానిక అధికారి అడ్డుపడ్డాకే దెబ్బలు ఆగాయని తర్వాత ఆయనే చెప్పారు. దెబ్బలతో పాటు ఆ అడ్డుపడటమూ రికార్డుకెక్కాలి. ఖైదీని జనం ముందు వేడుకగా నిలబెట్టడాన్ని జెనీవా ఒప్పందం నిషేధిస్తుంది కనుక, ఏ దేశపు బందీ వీడియోనైనా బృందం సభల్లో చూపదు.