నాన్న కారు
నాన్న పోయాక పెద్దకర్మ అయ్యేదాకా కారు తాళాలు ఎవరూ ముట్టలేదు. ఆ తర్వాత అమ్మని బ్యాంకుకి తీసుకెళ్దామని కారు బయటికి తీశా. పాలసీకి ఇంకా 7 నెలలుంది, భయమేంటి అనుకున్నా.

ఏజెంటు అంకుల్‌కి ఫోన్ చేస్తే, ‘‘ఓనర్ చనిపోతే ఆ పాలసీ 3 నెలలే పనిచేస్తుంది బాబూ. ఈలోపే గడువు ముగిస్తే అంతవరకే’’ అన్నారు. చనిపోయిన 30 రోజుల్లోపు ఆర్టీఏ ఆఫీసులో చెప్పాలి. 3 నెలల్లోపు ఫారం 31 ఇచ్చి ఆర్‌సీ, దాంతోపాటు పాలసీ మన పేరు మీదకి మార్పించుకోవాలి.

మిగతా వారసుల ఎన్‌ఓసీ కావాలన్నారు. అమ్మ పెన్ను పట్టుకుని, ‘‘ఆయన పేరు ఉండనివ్వకూడదట్రా?’’ అంది. ‘‘రేపేదైనా యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర చిక్కమ్మా’’ అన్నా. సంతకం పెట్టింది.

మీ ఇంట్లోనూ అలాంటి కారుంటే, ముందు తేదీలు లెక్కపెట్టుకోండి.