రేవతి చూపు

ఇటీవల కడపలో ఒక అధ్యాపక మిత్రుని ఇంట, గోడనిండా పడిన ప్రొజెక్టరు వెలుగులో ‘మాయాబజార్’ చూశాము. 1957 నాటి నలుపు తెలుపు చిత్రానికి 2010లో రంగులద్దిన ప్రతి అది. ‘పాత చిత్రానికి ప్రాణం పోశారు!’ అని మిత్రులు మురిసిపోయారు. పోసినది ప్రాణం కాదు, రంగు.

పునరుద్ధరణ అంటే గీతలు తుడిచి, చెదిరిన ధ్వనిని సరిచేసి, తీసినవారు తీసినట్టే నిలబెట్టడం. మార్కస్ బార్‌ట్లే కేవలం వెలుగునీడలతో వెన్నెల కురిపించాడు. దానిమీద రంగు పూయడం ఆ శ్రమను కొట్టివేయడమే.

రంగు లేకపోతే నేటి యువకులు చూడరట! ఇది విద్యార్థిని నిందించి సరుకు అమ్ముకునే వ్యాపారి వాదం.

జవాబు ఆ చిత్రంలోనే ఉంది. ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనిపిస్తుంది. రేవతికి సంపద కనిపించింది. పాండవుల రాజ్యం పోగానే కూతురి పెళ్లి మాట తప్పించిందీ ఆమే. ఆస్తి ముందు మాట ఎంత చౌకో చూపిన చిత్రాన్ని మనమూ రేవతి కళ్లతోనే చూడాలా?

నిర్మాత నాగిరెడ్డి ఈ కడప జిల్లా పొట్టిపాడువారు. ఆయన జిల్లా బిడ్డలకైనా అసలు చిత్రం దక్కాలి. ఆ ప్రొజెక్టరునే కళాశాల ఆవరణకు తెండి, తెల్లదుప్పటి కట్టండి, నలుపు తెలుపు ప్రతినే ఆడించండి. వాదన అప్పుడు సాగిద్దాం.