పరాన్నజీవి పోయినా రక్తం పట్టదేం?

గేదె కనురెప్ప వెనక్కి తిప్పి చూస్తే లోపలి పొర పాలిపోయి ఉంటుంది. మేత మీద ధ్యాస లేదు, పాలు తగ్గాయి, జ్వరం వచ్చి పోతోంది. ఇలాంటప్పుడు రైతు అడిగేదీ మందుల దుకాణం వాళ్లు ఇచ్చేదీ ఒకటే, రక్తం పట్టడానికి ఐరన్ ఇంజెక్షన్. రోగం సర్రా అయితే ఆ ఖర్చు చాలావరకు దండగేనని నా వాదన. ఆ గేదె ఒంట్లో ఇనుము ఉంది. దాన్ని వాడుకుని ఎర్రకణాలు తయారుచేయాల్సిన ఎముక మజ్జే చతికిలబడింది.

సర్రాకు మూలమైన ట్రిపనోసోమా అనే పరాన్నజీవిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో గుర్తించాడు. జోరీగలు దాన్ని ఒక పశువు నుంచి మరో పశువుకు మోస్తాయి. 2000లో ఒడిశాలోని నందన్‌కానన్ జూలో పులులను పొట్టనబెట్టుకున్నదీ ఇదే. మలేరియా క్రిమిలా ఇది ఎర్రకణంలోకి దూరదు, దాని బయట ద్రవంలోనే ఈదులాడుతుంది. మరి రక్తం ఎందుకు తగ్గుతుంది? క్రిమిని ఎదుర్కోవడానికి రెచ్చిపోయిన మాక్రోఫేజులనే రక్షక కణాలు ప్లీహంలో, కాలేయంలో సొంత ఎర్రకణాలను కూడా మింగేస్తాయి. మామూలుగా ఎర్రకణాలు తగ్గగానే మూత్రపిండాల నుంచి ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ వెళ్లి మజ్జను తొందరపెడుతుంది, కొన్నాళ్లకు లోటు పూడుతుంది. సర్రా ముదిరినకొద్దీ ఆ స్పందన చాలదు. మింగిన కణాల్లోని ఇనుమును మాక్రోఫేజులు మజ్జకు తిరిగి ఇవ్వకుండా తమలోనే పట్టి ఉంచుతాయి. వాపు సంకేతాలు మజ్జలో ఎదగాల్సిన పిల్లకణాలను అణిచేస్తాయి. తాళం పడిన గోదాము ముందు ఇంకో లారీ సరుకు దింపితే ఏం లాభం?

దీనికి గట్టి ఆధారం ఆఫ్రికాలో దొరికింది. పశ్చిమాఫ్రికా ఎన్'డామా జాతి ఆవులు సెట్సీ ఈగ మోసే ట్రిపనోసోమాలను తట్టుకుంటాయి, తూర్పున ఉండే బోరాన్ జాతి తట్టుకోలేదు. నైరోబీలోని అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ రెండు జాతుల పిండాలను ఒకే గర్భంలో కవలలుగా పెంచారు. అలా పుట్టిన కొన్ని ఎన్'డామా దూడల్లో రక్తం పుట్టించే కణాలు చాలావరకు బోరాన్‌వి. రోగం సోకించి చూస్తే అవి పరాన్నజీవిని బాగానే అదుపు చేశాయి కానీ రక్తహీనతను మాత్రం ఆపలేకపోయాయి. క్రిమిని అణచడం ఒక శక్తి, రక్తాన్ని నిలుపుకోవడం మరొకటి అని, రెండోది రక్తం పుట్టే చోటే ఉందని ఇంతకంటే స్పష్టంగా చూపడం కష్టం.

ఆఫ్రికా ఆవుల సంగతి మన గేదెలకు ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. అక్కడి ట్రిపనోసోమా వేరు, రోగం నడిచే తీరులోనూ తేడాలున్నాయి, కాదనను. ఈ రెండు శక్తులను విడివిడిగా చూడాలన్న పాఠం మాత్రం ఇక్కడికీ పనికొస్తుంది. క్రిమిని చంపితే మజ్జ తనంతట తానే కోలుకుంటుంది కదా అనేది ఇంకాస్త బలమైన అభ్యంతరం. చాలావరకు నిజమే, అందుకే డిమినజీన్, క్వినాపైరమిన్ వంటి మందులదే మొదటి స్థానం. చిక్కేమిటంటే, దీర్ఘకాలిక రోగంలో క్రిములు రక్తంలో చాలా తక్కువగా ఉండి స్లైడులో దొరకవు. స్లైడు ఖాళీగా ఉన్నంత మాత్రాన రోగం నయమైనట్టు కాదు. ఐరన్‌ను పూర్తిగా కొట్టిపారేస్తున్నారా అంటే, లేదు. గొర్రెల పొట్టలో హీమాంకస్ పురుగు నెత్తురు పీల్చినప్పుడు ఇనుము ఒంట్లోంచే పోతుంది, అక్కడ ఇవ్వడానికి అర్థం ఉంది. రెండింటికీ ఒకే సూది వేయడమే తప్పు.

మజ్జ దెబ్బ ఎర్రకణాలతో ఆగదు. రోగనిరోధకానికి కావాల్సిన బి-కణాలూ అక్కడే పుడతాయి. ట్రిపనోసోమా సోకిన ఎలుకల్లో వాటి ఉత్పత్తి కుంటుపడింది, అంతకుముందు వేసిన టీకా ఇచ్చిన రక్షణా పోయింది. పంజాబ్‌లో సర్రా సోకిన గేదె దూడలకు గొంతువాపు టీకా వేస్తే ప్రతిస్పందన తగ్గింది. తొలకరికి ముందు మన ఊళ్లలో వేసేదీ గొంతువాపు టీకాయే. సర్రా దాగి ఉన్న పశువుకు అది వేసి రాసుకున్నంత మాత్రాన రక్షణ వచ్చిందనుకోవడానికి లేదు.

కావాల్సిన పరీక్ష ఖరీదైనదేమీ కాదు. సన్నటి గాజు గొట్టంలో రెండు చుక్కల రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో ఐదు నిమిషాలు తిప్పితే ఎర్రకణాలు ఎంత శాతమో తేలుతుంది. ఆవుల్లో అది 24 శాతానికి తగ్గితే అనుమానించాలి. ఈ యంత్రం ప్రతి పశువైద్యశాలలో, 1962కు ఫోన్ చేస్తే వచ్చే ప్రతి సంచార పశువైద్య వాహనంలో ఉండాలి. సర్రా మందు వేసిన రోజున ఒకసారి, రెండు మూడు వారాలకు మరోసారి ఆ అంకె చూసి రికార్డులో రాయడాన్ని పశుసంవర్ధక శాఖ తప్పనిసరి చేయాలి. రెండో అంకె పెరగకపోతే పశువును మళ్లీ పరీక్షించాలి.