ఫైళ్లు కనబడకపోతే ముందు చెయ్యి ఆపండి
కంప్యూటర్ తెరిచేసరికి పెళ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు కనబడకపోతే ఎవరికైనా గుండె జారిపోతుంది. ఆ కంగారులో నెట్‌లో దొరికిన ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డ్రైవ్‌లో ఎక్కించడమే అసలు ప్రమాదం. హార్డ్ డిస్క్‌లో ఫైలు డిలీట్ చేసినా దాని సమాచారం వెంటనే చెరిగిపోదు, ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుందంతే. కొత్తగా ఏది రాసినా సరిగ్గా దానిమీదే పడవచ్చు. ఎస్‌ఎస్‌డీలోనైతే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల వాటిని తిరిగి రాబట్టే ఆ కాస్త అవకాశమూ త్వరగా పోతుంది. నిజానికి చాలాసార్లు ఫైళ్లు పోవు, చోటు మారతాయి. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఆన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు దాని కిందికి వెళ్లిపోతాయి. ప్రొఫైల్ దెబ్బతింటే విండోస్ తాత్కాలిక ప్రొఫైల్‌తో తెరుచుకుని అంతా ఖాళీగా చూపిస్తుంది. కాబట్టి ముందు రీసైకిల్ బిన్, వన్‌డ్రైవ్, సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లలో వెతకాలి. అలాగని తప్పంతా వాడేవాళ్లదే అంటే నేను ఒప్పుకోను. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1809 అప్‌డేట్ కొందరి ఫైళ్లను నిజంగానే తుడిచేసింది. ముందే పరీక్షించినవాళ్లలో కొందరు ఈ సంగతి చెప్పినా ఎవరి కంటా పడలేదు. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపి, సరిచేసి నవంబరులో మళ్లీ విడుదల చేసింది. మన ఫోల్డరును కదిలించే ముందు మనకు అర్థమయ్యే మాటల్లో అడగడం సాఫ్ట్‌వేర్ కంపెనీల బాధ్యత. అంతవరకూ ఆగకండి, ఈ ఆదివారమే ముఖ్యమైనవన్నీ ఒక విడి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ తీసి బీరువాలో పెట్టండి.