తెరమీది పలక – మిల్లులోని పలక

లోహాన్ని పలకలుగా సాగదీసే సాధనాలలో రోలింగ్ మిల్లు ప్రధానమైనది. ఒకదానిపై ఒకటి అమర్చిన రెండు రోలర్ల నడుమ దూరిన పలక మందం తగ్గి, పొడవు పెరిగి వెలుపలికి వస్తుంది. ఆ రెండు రోలర్లు వ్యాసంలోను, వేగంలోను, ఘర్షణలోను సమానమైతే పలక తిన్నగా సాగుతుంది. వీటిలో ఏ ఒక్కటి భేదించినా పైకో, కిందికో వంగవచ్చు. దీనినే అసౌష్ఠవ రోలింగ్ అంటారు.

ఈ అసమానత అన్నివేళలా దోషం కాదు. రోలర్ల వేగాలలో కావాలని భేదం కల్పిస్తే వాటిపై పడే భారం తగ్గుతుంది. లోహంలోని రేణువులు సూక్ష్మమై బలం పెరిగే అవకాశమూ ఉంది. కాని కోరకుండా వచ్చిన అసమానత ప్రమాదకరం. వంగిన పలక యంత్రభాగాలను ఢీకొంటే పని స్తంభిస్తుంది, లోహం వృథా అవుతుంది, సమీపంలోని కార్మికుని ప్రాణానికే ముప్పు వాటిల్లవచ్చు.

పలక ఎటు వంగుతుందో ముందుగా చెప్పడం సులభం కాదు. వేగంగా తిరిగే రోలరు వైపు లోహం ఎక్కువ సాగుతుంది కనుక, పలక రెండవ వైపుకు వంగాలని తోస్తుంది. అయితే పలక మందాన్ని, ఒక్క విడతలో తగ్గించే పరిమాణాన్ని బట్టి అది ఎదురుదిక్కుకు సైతం వంగుతుంది. 1925లో కార్మన్ రూపొందించిన ప్రసిద్ధ సమీకరణం సౌష్ఠవాన్ని ఆధారం చేసుకున్నది. ఈ చిక్కును విప్పడానికి అది చాలదు. ఇక్కడే కంప్యూటర్ అనుకరణ అక్కరకు వస్తుంది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో పలకను వేలాది చిన్న ఖండాలుగా విభజించి, ప్రతి ఖండంపై పనిచేసే బలాలను లెక్కించి, వంపును తెరపై చూపుతుంది. ఒక్క పలకనైనా పాడుచేయకుండా పలు ప్రయోగాలు చేయవచ్చు.

అంతమాత్రాన తెరపై కనిపించినదంతా సత్యమని నమ్మరాదు. ఘర్షణ ఎంత, ఉష్ణోగ్రత ఎంత, లోహం ఎంత గట్టిది అన్న విలువలను అందించేది మనిషే. వేడి ఉక్కుపై పేరుకున్న పొలుసును, నిలిచిన నీటిని, అరిగిన రోలరును లెక్కలో చేర్చకపోతే కంప్యూటర్ వాటిని తనంతట గ్రహించదు. విత్తు ఒకటి వేస్తే మరొకటి మొలుస్తుందా? రంగులద్దిన చిత్రం ఎంత మనోహరమైనా, మిల్లులో కొలిచిన వంపుతో సరిపోలినప్పుడే దానికి ప్రామాణికత.

కంప్యూటర్ వద్దనడం అవివేకం. అదొక్కటే చాలుననడం అంతకన్న అవివేకం. ఏళ్ల తరబడి మిల్లు చెంత నిలిచి పలక నడకను గమనించిన కార్మికుని అనుభవం కూడా శాస్త్రానికి ఆధారమే. ఆ అనుభవాన్ని వినమ్రతతో అడిగి తెలుసుకుని, గణితంతో పరీక్షించే యువ ఇంజనీరు చేతిలోనే కంప్యూటర్ నిజమైన సాధనమవుతుంది.