పాట మనదే, బండి ఎవరిది?

సెలవు రోజు పొద్దున షార్జా ఇండస్ట్రియల్ ఏరియాకో, కువైట్‌లో షువైఖ్‌కో వెళ్లి చూడండి. కార్ల సామాన్ల దుకాణాల ముందు మనవాళ్లు కనిపిస్తారు. ఒకరు జగిత్యాల తమ్ముడు, ఇంకొకరు రాయచోటి అన్న. చేతిలో పెన్ డ్రైవ్, జేబులో నెలంతా కూడబెట్టిన డబ్బులు. కారుతో వచ్చిన పాత స్టీరియో పీకించి, పెద్ద తెర ఉన్న కొత్త సెట్ పెట్టించాలని ఆశ.

ఈ ఆశను మేము తప్పుపట్టం. రోజుకు పది పన్నెండు గంటలు స్టీరింగ్ వెనక కూర్చునేవాడికి పాటే తోడు. ఎఫ్ఎం తిప్పితే అరబీ, హిందీ, మలయాళం వినిపిస్తాయి. తెలుగు పాట కావాలంటే మన పెన్ డ్రైవో, ఫోనో దిక్కు. పాత బండ్ల స్టీరియోల్లో చాలావాటికి యూఎస్‌బీ ఉండదు, బ్లూటూత్ ఉండదు. అమెరికా నుంచి దిగుమతైన సెకండ్ హ్యాండ్ బండి అయితే ఇంకో తిరకాసు. వాటి రేడియోలు చాలావరకు 102.3, 102.5 అని బేసి అంకెల మీదే ఆగుతాయి. ఇక్కడి స్టేషన్ 102.4 మీద ఉంటే సరిగా పట్టదు. కాబట్టి సెట్ మార్చుకోవడం సోకేమీ కాదు. తంటా అంతా మార్చే పద్ధతిలోనే ఉంది.

మా గది అనుభవమే చెబుతాం. ఐదుగురం కలిసి ఒక పాత కారు కొన్నాం. కొత్త సెట్ పెట్టించడానికి వెళ్తే దుకాణం కుర్రాడు కంపెనీ ప్లగ్గు కత్తిరించి, వైర్లు మెలేసి టేపు చుట్టాడు. కనెక్టర్ కొంటే ఇరవై దిర్హాములు, అది మిగిలిందని మేమూ సంబరపడ్డాం. వారం తిరక్కుండానే పొద్దున్నే బండి స్టార్ట్ కావడం మానేసింది. సంగతేమిటంటే, కొత్త సెట్లలో మామూలుగా పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటికి వెళ్లాలి. అతను రెండూ కలిపి బ్యాటరీకే ఇచ్చాడు. తాళం తీసినా సెట్ రాత్రంతా బ్యాటరీని పీలుస్తూనే ఉంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, పాట కోసం పోతే బ్యాటరీ పోయింది.

అందుకే మేము చెప్పేది ఒక్కటే. కంపెనీ వైరు మీద కత్తెర పడనివ్వకండి. మీ బండి మోడల్‌కు సరిపోయే కనెక్టర్ అడిగి కొనండి. ఒకవైపు కంపెనీ ప్లగ్గుకు, మరోవైపు కొత్త సెట్‌కు అది తగులుతుంది. రేపు తీసేయాలన్నా మచ్చ పడదు. కొలత కూడా చూసుకోండి. చిన్న సెట్ 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. పెద్దది 180, 100. టొయోటా బండ్లు చాలావాటిలో ఖాళీ 200 వెడల్పు ఉంటుంది, పక్కన పట్టీలు కావాలి.

డబ్బా మీద వాట్ల అంకెలు చూసి మోసపోవద్దు. నాలుగు యాభైలు 200 వాట్లని రాస్తారు. సెట్ వెనక 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే, 14 వోల్టుల దగ్గర అది లాగేదే 140 వాట్లు. అందులోంచి 200 ఎలా వస్తాయి? నిలకడగా ఒక్కో స్పీకర్‌కు వచ్చేది ఇంచుమించు 15, 20 వాట్లే. బండిలో వినడానికి అది చాలు.

కొత్త మోడల్ బండ్లలో ఏసీ, వెనక కెమెరా కూడా ఆ తెర మీదే నడుస్తాయి. వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఇక నడుస్తున్న బండిలో సినిమా చూసే సరదా అసలే వద్దు. బండి నడుపుతూ ఫోన్ పట్టుకున్నా, ధ్యాస మళ్లే మరో పని చేసినా 800 దిర్హాముల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు అని యూఏఈలో 2017లోనే నిబంధన వచ్చింది. జరిమానా కట్టగలం, ప్రాణం కట్టలేం కదా.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట హౌస్ డ్రైవర్ అన్నలకు, కంపెనీ పికప్ నడిపే తమ్ముళ్లకు. ఆ బండి మనది కాదు. మాకు తెలిసిన ఒకాయన కఫీల్ బండిలో సొంత డబ్బుతో సెట్ పెట్టించాడు. మంచి పనే చేశాననుకున్నాడు. వీసా ముగిసి ఇంటికి పోయే నెలలో, వైరింగ్ పాడు చేశావని ఆఖరి జీతంలో కోత పడింది. పాత స్టీరియో ఏదంటే చూపించలేకపోయాడు. దాన్ని దుకాణంలోనే వదిలేసి వచ్చాడు మరి. చెల్లెలి పెళ్లికని లెక్కేసుకున్న డబ్బు అలా పోయింది.

నోటిమాట అనుమతి ఆ రోజు అక్కరకు రాదు. వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా అడగండి, వచ్చిన జవాబు దాచుకోండి. మీదైనా, పరాయిదైనా పాత సెట్‌ను గుడ్డలో చుట్టి భద్రంగా ఉంచండి. అనుమతి రాకపోతే సిగరెట్ సాకెట్‌లో పెట్టే చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఉంది. వైరు ముట్టక్కర్లేదు. ఫోన్లోని పాట రేడియోలోంచే వస్తుంది. శబ్దం కాస్త గరగరమన్నా మనకు వినిపించేది మన పాటే. ఇంటికి వెళ్లేనాడు దాన్ని పీకి జేబులో వేసుకోవచ్చు, జీతం జీతంలాగే చేతికొస్తుంది.